ఏళ్లుగా బండి నడిపేవాళ్లు డ్రైవింగ్ టెస్టులో ఎందుకు తప్పుతున్నారు?

కడప జిల్లాలో డ్రైవింగ్ టెస్టుకు వచ్చే కుర్రాళ్లలో చాలామందికి బండి కొత్తేమీ కాదు. తొమ్మిదో తరగతిలోనో పదిలోనో నాన్న బండి తాళాలు చేతికొస్తాయి. ట్యూషన్‌కీ, పొలానికీ, అమ్మను బస్టాండులో దింపడానికీ వాడే బండే. పద్దెనిమిది నిండాక ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు) తీసుకుంటారు, నెల తర్వాత స్లాట్ బుక్ చేసుకుని ట్రాక్ దగ్గరికి వస్తారు. మనసులో ఒకటే ధీమా, నాకు రానిదేముంది అని. తీరా ఎనిమిది అంకె ఆకారంలో గీసిన ట్రాక్ మధ్యలోకి రాగానే కాలు కింద పెడతారు. నలభై రోజుల కిందట హ్యాండిల్ పట్టుకోవడం మొదలుపెట్టిన మహిళ అదే ట్రాక్‌ను నిదానంగా పూర్తి చేసి వెళ్లిపోతుంది.

(మైనర్‌కు తాళాలు ఇవ్వడం చిన్న తప్పేమీ కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనర్ బండి నడుపుతూ నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరు. తాళాలిచ్చే ఇళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.)

అనుభవం ఉన్నవాళ్లు తప్పడానికి, లేనివాళ్లు పాసవడానికి కారణం అదృష్టమో అధికారి మూడో అనుకుంటారు. అసలు కారణం టెస్టు స్వభావంలోనే ఉంది. రోజూ రోడ్డు మీద మనం చేసేది నలభైలో నేరుగా పోవడం, అడ్డమొస్తే హారన్ కొట్టడం, సందు దొరికితే దూరడం. ట్రాక్ మీద వీటిలో ఒక్కదానికీ మార్కులుండవు. నడిచే మనిషి వేగంలో బండి అదుపులో ఉందా, కదిలే ముందు వెనక్కి చూశాడా, ఆగాల్సిన గీత ముందే ఆగాడా అన్నవే అక్కడ లెక్క. ఏళ్ల తరబడి ఊళ్లో తిరిగినవాడికి ఈ మూడూ అలవాటయ్యే సందర్భం రాలేదు. పైగా వీటికి సరిగ్గా వ్యతిరేకమైన అలవాట్లు గట్టిపడ్డాయి.

టెస్టులో ఏం చూడాలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం వివరంగా చెబుతుంది. ఆ జాబితా మొదలయ్యేదే వెనక చూసే అద్దం సర్దుకోవడంతో. ఆ తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు, కుదుపు లేకుండా కదలడం, గేర్లు మార్చడం, ఎగువ వాలులో ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం, ఇరుకు చోటులోకి రివర్స్ చేయడం, సిగ్నల్ ఇచ్చే ముందు అద్దం చూడటం, పాదచారులకు దారివ్వడం ఉంటాయి. చివరికి ఇతరుల పట్ల మర్యాద చూపడం కూడా అందులో ఉంది. ఎంత వేగంగా పోగలడన్న మాట ఎక్కడా లేదు. స్లాట్ బుక్ చేసుకునే ముందు ఈ నియమాన్ని ఒకసారి చదువుకుంటే సగం పని అయినట్టే. ఎవరూ చదవరు. డ్రైవింగ్ స్కూళ్లలోనూ దీన్ని చదివించేవాళ్లు అరుదు.

ఎనిమిది అంకె దగ్గర జరిగేది

ద్విచక్ర వాహనాల్లో ఎక్కువమందిని ఓడించేది ఎనిమిది ఆకారపు ట్రాకే. బండి వేగంగా పోతున్నప్పుడు దానంతట అదే నిలబడుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ వంపు, తిరిగే చక్రాలు కలిసి బండిని నిటారుగా ఉంచుతాయి, నడిపేవాడు చేయాల్సింది పెద్దగా ఉండదు. వేగం బాగా తగ్గాక ఆ సాయం పోతుంది. బండిని నిలబెట్టే బాధ్యతంతా చేతుల మీద, క్లచ్ మీద, వెనక బ్రేకు మీద పడుతుంది. ఈ పని రోడ్డు మీద ఎప్పుడూ చేయాల్సి రాదు. ట్రాఫిక్‌లో వేగం తగ్గిన ప్రతిసారీ మనవాళ్లు చేసేది ఒకటే, రెండు కాళ్లూ కిందికి దించి నేలను తోసుకుంటూ పోవడం. ట్రాక్ మీద కాళ్లు దించితే కథ అక్కడితో ముగుస్తుంది.

గేరు బండి మీద సాధారణంగా మూడు రకాల పొరపాట్లు కనిపిస్తాయి. మలుపు రాగానే భయంతో క్లచ్ పూర్తిగా నొక్కేయడం మొదటిది. నొక్కగానే ఇంజిన్ నుంచి చక్రానికి అందే బలం ఆగిపోయి బండి పక్కకు ఒరుగుతుంది, కాలు దానంతటదే కిందికి పోతుంది. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టుకోవడం అంతకన్నా చేటు. ఫోర్క్ కిందికి దిగి, బరువంతా ముందుకొచ్చి, బండి మలుపు లోపలి వైపుకు కూలబడుతుంది. ఇక మూడోది కళ్లకు సంబంధించినది. గీత తొక్కుతున్నామేమోనని ముందు చక్రాన్నే చూస్తూ నడుపుతారు. చూపు కిందికి పోయిన కొద్దీ మలుపు దిశ తప్పుతుంది, చేతులు బిగుసుకుంటాయి.

మొదటి గేరులో యాక్సిలరేటర్ కొద్దిగా, మారకుండా పట్టుకుని, వేగాన్ని హాఫ్ క్లచ్‌తోనూ (క్లచ్‌ను సగం వరకే నొక్కి ఉంచి) వెనక బ్రేకును సున్నితంగా తాకిస్తూనూ అదుపు చేయాలి. మలుపులోకి వెళ్లే ముందే తల తిప్పి, మలుపు అవతల ఎక్కడికి చేరాలో అటు చూడాలి. ఒళ్లు కాస్త నిటారుగా ఉండి బండి మాత్రమే లోపలికి ఒరిగితే చిన్న వలయంలోనూ తిరుగుతుంది. ఖాళీ లేఅవుట్‌లో నాలుగు ఇటుకలు పెట్టుకుని రోజుకు పావు గంట చేస్తే వారంలో చేయి తిరుగుతుంది. సాధన చేసే బండీ టెస్టుకు తెచ్చే బండీ ఒకటే అయి ఉండాలి. తేలికపాటి బండి మీద నేర్చుకుని, హోదా కోసం బంధువుల బుల్లెట్ తెచ్చి ఎనిమిదిలో ఇరుక్కున్నవాళ్లకు లెక్కలేదు.

గేర్లు లేని స్కూటర్‌తో ఇది మరీ సులువనుకుంటారు. క్లచ్ లివర్ లేకపోవడం అక్కడ సౌకర్యమూ, ఇబ్బందీ కూడా. స్కూటర్‌లో క్లచ్ ఇంజిన్ వేగాన్ని బట్టి దానంతట అదే పట్టుకుంటుంది, వదులుతుంది. మలుపులో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే క్లచ్ విడిపోయి బండి తేలిపోతుంది. మళ్లీ తిప్పగానే ఒక్క ఊపున ముందుకు దూకుతుంది. అందుకే స్కూటర్ మీద యాక్సిలరేటర్‌ను ఎప్పుడూ పూర్తిగా మూయకుండా, ఎడమ బ్రేకును కాస్త పట్టి ఉంచి వేగం తగ్గించుకోవాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే 125 సీసీ, అంతకన్నా చిన్న బండ్లలో చాలావాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే ఏర్పాటు ఉంటుంది. అలాంటి స్కూటర్‌లో ఎడమ లివర్‌ను గట్టిగా నొక్కితే ముందు చక్రం కూడా పట్టుకుంటుంది. పాత స్కూటర్ మీద ఎడమ బ్రేకంటే వెనక బ్రేకేనని అలవాటైన చేతికి, కొత్త బండి మీద మలుపులో ఎదురయ్యే కుదుపు ఇదే. ఎలక్ట్రిక్ స్కూటర్లలో క్లచ్చే ఉండదు, మోటారు స్పందన చురుగ్గా ఉంటుంది. వాటిని ఎకో మోడ్‌లో పెట్టుకుని చేయడం మేలు.

గేర్లు లేని స్కూటర్ మీద టెస్టు ఇస్తే గేర్లు లేని బండికే లైసెన్సు వస్తుంది. రేపు మోటార్ సైకిల్ కొనాలనుకునేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి. ఏ తరగతికి దరఖాస్తు చేశామో ఆ రకం బండి మీదే టెస్టు ఇవ్వాలని నియమం. దరఖాస్తులో గేర్లున్న బండి అని రాసి, టెస్టుకు స్కూటర్ తెస్తే స్లాట్ వృథా.

కారులో సమస్య వేరు

కారు నేర్చుకునేవాళ్లకు బైకు కుర్రాళ్ల ధీమా ఉండదు. వాళ్ల ఇబ్బంది దీనికి తలకిందులు. ఎంత నేర్చుకున్నారో వాళ్లకే తెలియదు. డ్రైవింగ్ స్కూలు కారుకు రెండు వైపులా పెడళ్లుంటాయి, నియమాల ప్రకారం ఉండాల్సిందే. పక్కన కూర్చున్న మాస్టారు కాలు ఎప్పుడూ తన క్లచ్, బ్రేకుల మీదే ఉంటుంది. అప్సర సర్కిల్‌లో కారు ఆగకుండా సాఫీగా పోయిందంటే అందులో నేర్చుకునేవాడి పాదం వాటా ఎంత, మాస్టారి పాదం వాటా ఎంత? నేర్చుకునేవాడికి ఎవరూ చెప్పరు. టెస్టు రోజు పక్కసీటు కాలు సాయం చేయదు. మొదటి గేరులోనే ఇంజిన్ ఆగిపోతుంది. ఇలా ఆగిపోయినవాళ్లందరూ నిన్నటిదాకా బాగా నడిపామనే అంటారు. అది అబద్ధం కూడా కాదు.

సాధన ఎంత దొరుకుతుందో కూడా చూడాలి. స్కూలు ప్యాకేజీలు చాలావరకు రోజుకు అర గంట చొప్పున రెండు వారాలు. పదిహేను రోజులు పూర్తిగా వెళ్లినా ఏడున్నర గంటలే అవుతుంది. అందులోనూ ముందు దిగేవాడి కోసం వేచి ఉండటం, పెట్రోల్ బంకు, మాస్టారి ఫోన్లు ఉంటాయి. 2021లో కేంద్రం గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాల కోసం తెచ్చిన నిబంధనల్లో తేలికపాటి వాహనాల శిక్షణ 29 గంటలు. అందులో చేతులారా నడపాల్సింది 21 గంటలు. ఏడున్నరకూ ఇరవై ఒకటికీ మధ్య ఉన్న ఆ తేడాయే ట్రాక్ మీద బయటపడుతుంది. ప్యాకేజీ అయ్యాక లైసెన్సున్న ఇంటివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ముందూ వెనకా ఎల్ బోర్డు పెట్టుకుని, ఇంకో నెల సొంత కారు మీద తిరిగినవాళ్లే నిలకడగా పాసవుతారు.

ఇంజిన్ ఆగిపోవడం వెనక క్లచ్ పట్టుకునే బిందువు, అంటే పెడల్ వదులుతుంటే ఇంజిన్ బలం చక్రాలకు అందడం మొదలయ్యే చోటు, తెలియకపోవడం ఉంది. ప్రతి కారులో ఆ బిందువు వేరేచోట ఉంటుంది. డీజిల్ కారు తక్కువ వేగంలో బలంగా లాగుతుంది కాబట్టి యాక్సిలరేటర్ తాకకుండా క్లచ్ నెమ్మదిగా వదిలినా కదులుతుంది. చిన్న పెట్రోల్ కారుతో అదే పని చేస్తే వణికి ఆగిపోతుంది. స్కూలు కారు ఒకటి, టెస్టుకు తెచ్చిన కారు ఇంకొకటి అయితే ముందు రోజు కనీసం ఒక గంట, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సమతల నేల మీద క్లచ్ ఒక్కదానితోనే కారును కదిలించి ఆపడం అలవాటు చేసుకోవాలి. పాదానికి ఆ బిందువు తెలిశాక మిగిలిన టెస్టంతా దాని మీదే నడుస్తుంది.

వాలు దగ్గర ఇదే విషయం మరింత కఠినంగా ఎదురవుతుంది. కడప నగరం చాలావరకు చదునుగా ఉంటుంది. స్కూళ్లు సాధన చేయించే ఖాళీ స్థలాలూ చదునే. ఎగువ వాలులో ఆపి, వెనక్కి అంగుళం జారకుండా కదిలించడమన్నది చాలామంది టెస్టు రోజే మొదటిసారి చేస్తారు. బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ మీదికి మార్చే ఆ ఒక్క క్షణంలో కారు వెనక్కి పోతుంది. పోయిందని తెలియగానే క్లచ్ వదిలేస్తారు, ఇంజిన్ ఆగుతుంది. హ్యాండ్‌బ్రేక్ ఉన్నది ఈ క్షణం కోసమే. కారు ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగాలి, మొదటి గేరు వేయాలి, కొద్దిగా రేజ్ చేస్తూ క్లచ్‌ను పట్టుకునే బిందువు దాకా తేవాలి. కారు ముందు భాగం కాస్త లేచినట్టు, ఇంజిన్ శబ్దం బరువెక్కినట్టు తెలుస్తుంది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించితే వెనక్కి పోదు. కొత్త కార్లు కొన్నింటిలో హిల్ హోల్డ్ ఉంటుంది, బ్రేకు వదిలాక రెండు మూడు సెకన్లు అదే పట్టి ఉంచుతుంది. దానికి అలవాటైన పాదం పాత స్కూలు కారులో మోసపోతుంది. సాధన కోసం ఘాట్ రోడ్డు దాకా పోనక్కర్లేదు. కేసీ కాలువ గట్టు ఎక్కే వాలు, ఫంక్షన్ హాలు ముందున్న ర్యాంపు లాంటివి చాలు.

కర్రల మధ్య కారును రివర్స్ చేయాల్సిన హెచ్ ఆకారపు ట్రాక్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అక్కడ తప్పు నేర్పడంలోనే మొదలవుతుంది. చాలా స్కూళ్లలో దీన్ని గుర్తులతో బట్టీ పట్టిస్తారు. మూడో కర్ర వెనక కిటికీలో కనపడగానే ఫుల్ కట్ కొట్టు (స్టీరింగ్ పూర్తిగా తిప్పు), ఎడమ అద్దంలో గీత కనపడగానే స్టీరింగ్ స్ట్రెయిట్ చేయి, అంతే. అదే కారు, అదే సీటు ఎత్తు, అవే కర్రలు ఉన్నంతవరకు అది పనిచేస్తుంది. సీటు రెండు అంగుళాలు ముందుకు జరిగినా, కర్ర అడుగు పక్కన ఉన్నా లెక్క మొత్తం తప్పుతుంది. ఎందుకు తప్పిందో నేర్చుకున్నవాడికి అర్థం కాదు, సరిదిద్దుకోవడం రాదు. వచ్చేది ఒక్క వరుసే.

దీన్ని అర్థం చేసుకోవడం అంత కష్టమేమీ కాదు. కారు తిరిగేది ముందు చక్రాలతో. ముందుకు పోతూ తిరిగితే వెనక చక్రాలు మలుపు లోపలి వైపుకు జరిగి, లోపలి కర్రకు దగ్గరవుతాయి. రివర్స్‌లో తిరిగితే ముందు భాగం బయటి వైపుకు విసిరినట్టు తిరుగుతుంది. రివర్స్‌లో ఎక్కువమంది కొట్టేది వెనక కర్రను కాదు, ముందు మూలతో పక్కనున్న కర్రను. కళ్లన్నీ వెనక్కే అతుక్కుపోవడంతో ముందు మూల ఎటు పోతుందో చూసే తీరిక ఉండదు. కెమెరా ఉన్న కార్లలో ఇది ఇంకా ఎక్కువ. తెర మీది రంగు గీతలు ముందు మూలల గురించి ఏమీ చెప్పవు. మందు ఒకటే, వేగం. క్లచ్ ఒక్కదానితో, చీమ నడకలా వెనక్కి పోతే రెండు అద్దాలూ, వెనక గాజూ, ముందు రెండు మూలలూ చూసుకోవడానికి సమయం దొరుకుతుంది. కారు కదులుతున్నప్పుడే స్టీరింగ్ తిప్పాలి. ఆగిన చోట బలంగా తిప్పి ఆ తర్వాత వదిలితే కారు ఎటు దూకుతుందో అంచనా దొరకదు.

కనిపించని తప్పులు

ఇంజిన్ ఆగిపోవడం, కర్ర తగలడం, కాలు కింద పెట్టడం అందరికీ కనిపిస్తాయి. అవేవీ చేయకుండానే తప్పినవాళ్లకే కోపం ఎక్కువ. తాము చేసిన తప్పు ఏమిటో వాళ్లకు తెలియదు. చాలాసార్లు అది అద్దం చూడకపోవడమే. ఇక్కడ బైకు కొనగానే అద్దాలు తీసేయడం ఒక ఫ్యాషన్. అద్దాలున్న బండ్లలోనూ వాటిని జుట్టు దువ్వుకునేందుకే వంచి పెడతారు. అధికారి చూసేది కళ్లు, తల ఎటు తిరిగాయన్నదే. కదిలే ముందు, సిగ్నల్ వేసే ముందు, పక్కకు జరిగే ముందు, ఆగే ముందు అద్దం చూడాలని 15వ నియమం మళ్లీ మళ్లీ చెబుతుంది. ట్రాక్ ఖాళీగా ఉంది, వెనక ఎవరూ లేరు, ఎందుకు చూడాలని అనిపిస్తుంది. ఎవరూ లేరని చూడకుండా ఎలా తెలిసింది? పరీక్షించేవాడి ప్రశ్న అదే. కంటికి కనిపించేలా, తల కాస్త తిప్పి చూడటం మంచిది. అద్దంలో కనపడని పక్కభాగం కోసం భుజం మీదుగా ఒక చూపు కూడా అవసరం.

ఇండికేటర్ విషయంలో రాయలసీమ రోడ్లు నేర్పిన అలవాట్లు కొన్ని ట్రాక్ దాకా వస్తాయి. మలుపు తిరగడం మొదలయ్యాక వేసే ఇండికేటర్ వెనకవాడికి దేనికీ పనికిరాదు. బైకు ఇండికేటర్ దానంతటదే ఆగదు. మలుపు అయ్యాక ఆపకుండా అలాగే మెరిపించుకుంటూ పోవడం చాలా మామూలు. వెనక కూర్చున్నవాళ్లు చేయి ఊపి దారి అడగడం కడపలో ఒక కళ, కానీ టెస్టులో వెనక ఎవరూ ఉండరు. ఇక కూడలిలో నేరుగా పోవాలంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేయడమన్నది కార్లవాళ్లు కనిపెట్టిన పద్ధతి. దానికి ఏ నియమమూ లేదు. ఆ నాలుగు దీపాలు బండి ఆగిపోయిందనో, ప్రమాదం ఉందనో చెప్పడానికి. పక్క రోడ్డులో ఉన్నవాడికి అందులో ఒక్క దీపమే కనిపించి, ఇటు తిరుగుతున్నాడనుకుంటాడు. ఏడు రోడ్ల కూడలి లాంటి చోట ఆ అపార్థం ఎలా ముగుస్తుందో ఊహించుకోవచ్చు.

సర్కిళ్ల దగ్గర ఎవరు ముందు పోవాలన్న సంగతి ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో టిక్ పెట్టి పాసైనవాళ్లకు కూడా చక్రం చేతిలోకి వచ్చేసరికి గుర్తుండదు. సర్కిల్‌లో ఇప్పటికే తిరుగుతున్న బండికి దారివ్వాలి. సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేదాన్ని పోనివ్వాలి. రోడ్డు దాటే తెల్ల చారల మీద మనిషి కాలు పెడితే ఆగాలి. కోటిరెడ్డి సర్కిల్‌లో ఇలా చేస్తే వెనకవాళ్లు హారన్‌తో చెవులు పగలగొడతారన్నది నిజమే. టెస్టులో మాత్రం చేయకపోతేనే ఇబ్బంది. ఆగు గీత దగ్గరా అంతే. గీత మీద ఆగడం, దాటి ఆగడం రెండూ తప్పే. ముందు చక్రం గీతకు ఇవతల ఆగాలి. సెన్సర్లు, కెమెరాలు ఉన్న ఆటోమేటెడ్ ట్రాక్‌లలో ఇలాంటివాటికి దయాదాక్షిణ్యాలుండవు. గీత తొక్కితే నమోదవుతుంది, బతిమాలే అవకాశం లేదు.

వాలు దిగేటప్పుడు తక్కువ గేరులోకి మార్చడం కూడా 15వ నియమంలో ఉంది. ట్రాక్ మీద దీనికి పెద్ద సందర్భం రాకపోవచ్చు గానీ, అడిగితే తడబడేవాళ్లు ఎక్కువ. పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగడం ఇక్కడ తాతల కాలం నుంచి ఉన్న నమ్మకం. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ పేరు ప్రమాద వార్తల్లో తరచూ వినిపిస్తుంది. అలాంటి దిగుడులో గేరు తీసేస్తే ఇంజిన్ బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంజిన్ ఆపేస్తే కారులో బ్రేకుకు అందే సాయం, స్టీరింగ్ తేలికదనం కూడా పోతాయి. లాభం కూడా లేదు. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని దానంతటవే ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఇంజిన్ తిరగడానికి కొంత ఖర్చవుతుంది. ఘాట్‌లో ఎదురుపడితే ఎక్కే బండికి దారివ్వాలన్నదీ చాలామంది తిరగేసి చెబుతారు.

ట్రాక్ ఎక్కకముందే పోయే స్లాట్లు

కాగితాల దగ్గర పోయేవాళ్లు కొందరు. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని 30 రోజులు నిండకుండా రావడం, తెచ్చిన బండికి ఇన్సూరెన్సో పొల్యూషన్ సర్టిఫికెట్టో గడువు దాటిపోవడం, ఎల్ బోర్డు లేకపోవడం లాంటివి. హెల్మెట్ లేకుండా డ్రైవింగ్ టెస్టుకు రావడమంత విచిత్రం ఇంకోటి లేదు, అయినా వస్తారు. కారు టెస్టుకు హవాయి చెప్పులతో వచ్చేవాళ్లున్నారు. క్లచ్ మీద నుంచి చెప్పు జారితే లేదా పెడల్ కింద ఇరుక్కుంటే నెల రోజుల సాధన వృథా. ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, వరుసలో గంటల తరబడి నిలబడ్డాక క్లచ్ మీద కాలు వణకడం సహజం. ఉదయం స్లాటే పెట్టుకోవాలి, నీళ్ల సీసా మరచిపోకూడదు.

టెన్షన్ గురించి కూడా ఒక మాట. టెస్టు పెట్టే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌ను (ఎంవీఐ) మన జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు, ఆ పిలుపులోనే కొంత భయం ఉంది. టెన్షన్‌లో అందరూ చేసే పని ఒకటే, తొందర. సీటు సర్దుకోరు, బెల్టు మరచిపోతారు, హ్యాండ్‌బ్రేక్ దించకుండానే కదలబోతారు, బైకు సైడ్ స్టాండ్ తీయరు. బండి ఎక్కాక మొదటి అర నిమిషం ఏమీ నడపకుండా, సీటు, అద్దాలు, బెల్టు, న్యూట్రల్ ఒక్కొక్కటీ చేత్తో తాకి చూసుకుంటే ఎవరూ కోప్పడరు. నిజానికి ఆ అర నిమిషానికీ మార్కులున్నాయి. ఏజెంటు అంతా చూసుకుంటాడని నమ్మి సాధన మానేసినవాళ్లకు మాత్రం ఈ టెన్షన్ వేరే స్థాయిలో ఉంటుంది. ట్రాక్ మీద హ్యాండిల్ ఏజెంటు పట్టుకోడు.

తప్పితే ఏమవుతుందన్న లెక్క చాలామంది టెస్టు అయ్యాకే వేసుకుంటారు. ముందే వేసుకోవాలి. చట్టం ప్రకారం తప్పినవాళ్లు 7 రోజుల తర్వాత మళ్లీ రావచ్చు, ఫీజు మళ్లీ కట్టాలి. మూడుసార్లు తప్పితే చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. 2019 సవరణ తర్వాత అలాంటివాళ్లు డ్రైవింగ్ స్కూల్లో మళ్లీ శిక్షణ కూడా పూర్తి చేయాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది. రెండో నెలలో మొదటి టెస్టు ఇచ్చినవాడికి మూడుసార్లు తప్పి, 60 రోజులు ఆగినా ఇంకా వ్యవధి మిగులుతుంది. ఎప్పుడైనా పోవచ్చులే అని అయిదో నెల చివరిదాకా వాయిదా వేసినవాడికి రెండో ప్రయత్నానికే స్లాట్ దొరకడం అనుమానం. గడువు దాటితే ఎల్‌ఎల్‌ఆర్ కొత్తగా తీసుకుని, మళ్లీ 30 రోజులు ఆగి, మొదటి నుంచి రావాలి.